బియ్యం నిండుకున్నాయంటే అందరికీ అర్థమవుతుందా?

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగపాఠం)



ఈవేళ పనిచేసే చోట మాట గురించి మీతో మాట్లాడదామనుకుంటున్నాను. "ఇదేమిటమ్మా, మధ్యాహ్నంపూట కాస్త నడుం వాలుస్తూ రేడియో పెట్టుకుంటే, ఆఫీసుల గొడవ మాకెందుకు?" అని మీలో కొందరైనా అనుకుంటారు. అనుకోండి, తప్పులేదు. నేనూ మీలాంటిదాన్నే. పదో తరగతితో చదువు ఆపేసి, పెళ్ళి చేసుకుని, వంటా వార్పూ, పిల్లలూ వాళ్ళ చదువులూ చూసుకుంటూ వచ్చినదాన్ని. నెలకు రెండు మూడుసార్లు ఈ మైకు ముందు కూర్చోవడం తప్ప నేనెరిగిన ఉద్యోగం లేదు. కానీ ఒక్కసారి మీ ఇంట్లోకే తిరిగి చూడండి. కూతురో కోడలో రోజూ ఉద్యోగానికి వెళ్తూ వుంటుంది. మీరే ఇంట్లో జాకెట్లు కుట్టిస్తూనో, పచ్చళ్ళు పట్టి అమ్ముతూనో నలుగురి చేత పని చేయిస్తూ వుండవచ్చు. అదీ లేదంటే, ఇంటికి రోజూ పనికొచ్చే మనిషి వుంటుంది కదా! ఆవిడ పనిచేసే చోటు మీ వంటిల్లే. కనుక ఈ సంగతి మనందరిదీను.

మన ఇళ్ళలో ఒక మాట వుంది. డబ్బాలో బియ్యం అయిపోతే "అయిపోయాయి" అనం. "లేవు" అని అసలే అనం. "బియ్యం నిండుకున్నాయి" అంటాం. దీపం ఆరిపోతే "కొండెక్కింది" అంటాం. గడప దాటేటప్పుడు "వెళ్తాను" అనకుండా "వెళ్ళొస్తాను" అంటాం. ఇంట్లో లేదనే మాట వినపడకూడదని పెద్దవాళ్ళు నేర్పిన అందమైన అలవాటు ఇది. ఇంట్లోవాళ్ళకు దీనివల్ల ఇబ్బందేమీ లేదు. నిండుకున్నాయనగానే మావారు సంచీ పుచ్చుకుని బయల్దేరతారు.

అయితే ఒకసారి ఏమయిందంటే, మా పక్క వాటాలోకి ఉత్తరాదినుంచి ఒకావిడ కొత్తగా వచ్చింది. పట్టుదలగా తెలుగు నేర్చుకుంటోంది. ఒక రాత్రి అనుకోకుండా చుట్టాలొస్తే నేను వెళ్ళి, "ఏమండీ, బియ్యం నిండుకున్నాయి, రెండు గ్లాసులు సర్దుతారా?" అన్నాను. ఆవిడ తెల్లబోయి, "నిండుగా వుంటే మళ్ళీ ఎందుకండీ?" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. తప్పు ఆవిడది కాదు. నేనన్న మాటకు పైకి ఒక అర్థం, లోపల ఇంకొక అర్థం వున్నాయి. ఆ లోపలి అర్థం తెలియాలంటే ఇద్దరూ ఒకే రకం ఇళ్ళలో పెరిగి వుండాలి. పనిచేసే చోట పదిమందీ పది ఊళ్ళనుంచి, పది రకాల ఇళ్ళనుంచి వస్తారు. అక్కడ నిండుకున్నాయంటే నడవదు.

పైగా మన ఆడపిల్లల్ని మనం ఎలా పెంచుతాం? గట్టిగా అడక్కూడదు, పెద్దవాళ్ళకు ఎదురు చెప్పకూడదు, మనసులో మాట సూచనగా అనాలి. ఆకలేస్తోందనకుండా "టైమెంతయింది?" అనాలి. ఒంట్లో బాగాలేకపోతే "కాస్త నలతగా వుంది" అనాలి. అలా పెరిగిన పిల్ల ఒకరోజు ఉద్యోగంలో చేరుతుంది. అప్పుడేమవుతుందో నా కళ్ళముందు జరిగిన సంగతి ఒకటి చెబుతాను.

నాకు తెలిసినవాళ్ళ అమ్మాయి నర్సు చదువు పూర్తిచేసి ఒక ఆసుపత్రిలో చేరింది. బుద్ధిమంతురాలు, పనిలో చురుకు. చేరిన మూడో వారం రాత్రి డ్యూటీ పడింది. ముందురోజు కడుపు ఆపరేషను అయిన ఒక పెద్దాయన తన వార్డులో వున్నాడు. అర్ధరాత్రి దాటాక ఆయన మొహం పాలిపోయి, ఒళ్ళు చల్లబడడం గమనించింది. బి.పి. చూసింది, నాడి చూసింది, చీటీలో రాసింది. రాసి డాక్టరుగారికి ఫోను చేసింది. ఏమని? "సార్, సారీ సార్, నిద్ర లేపానండీ. ఏడో బెడ్ ఆయన కాస్త నీరసంగా వున్నారండీ" అని. అటునుంచి ఆయన, "ఆపరేషను అయిన మనిషి నీరసంగా కాక ఎలా వుంటాడమ్మా? సెలైను ఎక్కనీయండి, పొద్దున్నే చూస్తాను" అన్నాడు. ఈ పిల్ల "సరే సార్" అని ఫోను పెట్టేసింది. పెట్టేసిందేగానీ కాళ్ళూ చేతులూ ఆడలేదు. పక్క వార్డులో వున్న పెద్ద సిస్టరు దగ్గరకు పరుగెత్తింది. ఆవిడ వచ్చి ఒక్కసారి చూసి, తనే ఫోను తీసుకుంది.

"సార్, మగవాళ్ళ సర్జికల్ వార్డు నుంచి మాట్లాడుతున్నాను. ఏడో బెడ్ పేషెంటు బి.పి. పడిపోతోంది. నిన్న పొద్దున్న కడుపు ఆపరేషను అయిన ఆయన. గంట కిందట పై అంకె 120, ఇప్పుడు 84. నాడి నిమిషానికి 130. లోపల రక్తం పోతోందేమోనని నా అనుమానం. మీరు ఇప్పుడే రావాలి."

అంతే. డాక్టరుగారు పది నిమిషాల్లో వచ్చారు. ఆ రాత్రే ఆయన్ని మళ్ళీ ఆపరేషను గదిలోకి తీసుకెళ్ళారు. మనిషి బతికాడు.

రెండు రోజుల తర్వాత ఆ పిల్ల మా ఇంటికి వచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నేనూ చెప్పాను కదా పిన్నీ! నేను చెబితే రాలేదు, ఆవిడ చెబితే వచ్చారు" అంది. నేనన్నాను, "చెప్పావమ్మా, కాదనను. కానీ నువ్వు బియ్యం నిండుకున్నాయని చెప్పావు."

నిద్రలోంచి లేచిన డాక్టరుగారికి ఆ మంచం దగ్గరి సంగతి కళ్ళకు కనబడదు. ఆయనకు అందేది మన మాట ఒక్కటే. ఆ మాటలో "కాస్త", "కొంచెం", "అదోలా" తప్ప ఇంకేమీ లేకపోతే ఆయన దేన్ని చూసి పరుగెత్తుకొస్తాడు?

ఇది మన ఆడవాళ్ళకే వుండే జబ్బు అనుకోకండి. ఎంతో చదువుకున్న మగవాళ్ళు, ఆకాశంలో విమానాలు నడిపేవాళ్ళు కూడా ఈ మొహమాటానికే బలయిపోయారు. 1990 జనవరి 25న కొలంబియా దేశం నుంచి న్యూయార్కుకు ఏవియాంకా కంపెనీ విమానం ఒకటి వచ్చింది. అందులో 158 మంది వున్నారు. వాతావరణం బాగాలేక న్యూయార్కులో దిగడానికి వీల్లేకపోయింది. గంటకు పైగా ఆకాశంలోనే చక్కర్లు కొట్టించారు. ఇంధనం అడుగంటుతోంది. కింద వున్న అధికారులతో రేడియోలో మాట్లాడేది కోపైలటు. ఆయన "మాకు ప్రాధాన్యం ఇవ్వండి" అన్నాడు, "ఇంధనం అయిపోతోంది" అన్నాడు. "ఇది ఎమర్జెన్సీ" అనే మాట మాత్రం అనలేదు. ఎమర్జెన్సీ అని చెప్పమని కెప్టెను పక్కనుంచి చెప్పినా, ఆ మాట రేడియోలోకి వెళ్ళలేదు. దూరం వచ్చిన ప్రతి విమానానికీ చివర్లో ఇంధనం తక్కువే వుంటుంది కదా! అందుకని కిందివాళ్ళు దాన్ని పెద్ద ప్రమాదంగా తీసుకోలేదు. దిగబోయి దిగలేక మళ్ళీ పైకి లేచినప్పుడు, "ఇంకా కొంతదూరం తిప్పి తీసుకొస్తాం, మీ ఇంధనానికి ఫరవాలేదా?" అని వాళ్ళు అడగనే అడిగారు. "ఫరవాలేదనుకుంటాను, చాలా థాంక్స్" అన్న అర్థం వచ్చేలా జవాబిచ్చాడీయన. కొద్ది నిమిషాలకు ఇంజన్లు ఆగిపోయాయి. విమానం లాంగ్ ఐలండులో కోవ్ నెక్ అనే చోట కూలింది. 73 మంది పోయారు. మంటలు రాలేదు, రావడానికి ఇంధనం వుంటేగా!

అడగందే అమ్మయినా పెట్టదని మన సామెత. అడగడమంటే నోరు తెరవడం ఒక్కటే కాదు, ఏం కావాలో ఆ పేరు పెట్టి అడగడం.

మరి ఎలా చెప్పాలి? ఆ పెద్ద సిస్టరు మాటల్ని ఇంకోసారి చూడండి. అందులో నాలుగు భాగాలున్నాయి. ఒకటి, ఇప్పుడేం జరుగుతోంది. రెండు, దీని వెనక సంగతేమిటి. మూడు, నేనేమనుకుంటున్నాను. నాలుగు, మీరేం చెయ్యాలి. ఇది ఆవిడ సొంతంగా కనిపెట్టింది కాదు. మొదట అమెరికా నౌకాదళంవారు జలాంతర్గాముల్లో వాడిన పద్ధతి. తర్వాత ఆసుపత్రులవాళ్ళు పుచ్చుకున్నారు. ఒక డ్యూటీవాళ్ళు ఇంకో డ్యూటీవాళ్ళకు రోగిని అప్పగించేటప్పుడు ఇలాంటి పద్ధతి పాటించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2007లో చెప్పింది.

ఆసుపత్రి ఒక్కదానికే కాదు, ఏ పనికైనా ఇది సరిపోతుంది. మీ అమ్మాయి ఆఫీసులో పని ఎక్కువై సతమతమవుతోందనుకోండి. "సార్, కాస్త ఇబ్బందిగా వుంది" అంటే ఆఫీసరు "అందరికీ వుంది" అంటాడు. అలా కాకుండా, "సార్, శుక్రవారానికి ఇవ్వాల్సిన లెక్కలు పూర్తికావు. పోయిన వారం ఇద్దరు సెలవు పెడితే వాళ్ళ పని కూడా నాకొచ్చింది. నా అంచనాలో ఇంకా మూడు రోజులు పడుతుంది. సోమవారం దాకా గడువివ్వండి, లేదా ఇంకొకరిని సాయం ఇవ్వండి" అనమనండి. ఇందులో అమర్యాద ఏమైనా వుందా? లేదు. "అండీ" వుంచుకోవచ్చు, "సార్" వుంచుకోవచ్చు. మర్యాద గొంతులో వుండాలి, అంకెలు మాటలో వుండాలి. చాలామంది పిల్లలు మొదటి రెండు భాగాలూ చెప్పి ఊరుకుంటారు. కష్టమంతా చెప్పుకుని, ఏం కావాలో చెప్పకుండా వచ్చేస్తారు. వినేవాడు అయ్యో పాపం అనుకుంటాడు, అక్కడితో సరి.

ఇక రెండో సంగతి, మన "సరే". ఈ "సరే"లో ఎన్ని అర్థాలున్నాయో లెక్కపెట్టారా? సరే అంటే ఒప్పుకున్నానని. సరే అంటే విన్నానని. సరే అంటే ఇంక ఆపమని. "అలాగే చూద్దాం" అంటే చెయ్యనని! 1977 మార్చి 27న స్పెయిన్ దేశపు టెనెరిఫె ద్వీపంలో రెండు జంబో విమానాలు రన్‌వే మీదే గుద్దుకుని 583 మంది పోయారు. ఆకాశయానంలో అంతకు మించిన ప్రమాదం ఇంకొకటి లేదు. ఆవేళ దట్టమైన పొగమంచు. ఒక విమానంవాళ్ళు బయల్దేరుతున్నామన్న అర్థంలో ఒక మాటన్నారు. టవర్‌లో ఆయన "ఓకే" అని, ఆగండి, నేను పిలుస్తానని చెప్పాడు. సరిగ్గా అదే క్షణంలో రెండో విమానంవాళ్ళు కూడా మాట్లాడటంతో రేడియోలో కీచుమని చప్పుడొచ్చి, "ఓకే" ఒక్కటే స్పష్టంగా వినబడింది. వినాల్సిన మాట వినబడలేదు. ఆ తర్వాత విమానాలవాళ్ళు నియమాలు గట్టిపరిచారు. రన్‌వేకి సంబంధించిన ఆజ్ఞ ఏదైనా విన్నవాడు ఓకే అని ఊరుకోకూడదు, విన్నదాన్ని తిరిగి అప్పజెప్పాలి. "టేకాఫ్" అనే మాట, ఎగరడానికి అనుమతి ఇచ్చేటప్పుడో, ఇచ్చినదాన్ని రద్దు చేసేటప్పుడో తప్ప వాడకూడదు.

తిరిగి అప్పజెప్పడంలో వున్న లాభం నాకు తెలిసొచ్చింది ఈ రేడియోలోనే. నేను కొత్తగా ప్రసంగాలు చదువుతున్న రోజులు. ఆవకాయ పట్టడం మీద పది నిమిషాల ప్రసంగం రాసుకొచ్చాను. రికార్డింగుకు ముందు అద్దం అవతలినుంచి ఆఫీసరుగారు, "అమ్మా, కాస్త తగ్గించండి" అన్నారు. "సరేనండీ" అన్నాను. నా గొంతు పెద్దదని మా ఇంట్లో అందరూ అంటూ వుంటారు. అందుకని గొంతు తగ్గించి, నెమ్మదిగా, హాయిగా చదివాను. ఆయనన్నది గొంతు కాదు, ప్రసంగం నిడివి! నెమ్మదిగా చదవడంతో అది ఇంకా పెరిగింది. ప్రసారంలో పది నిమిషాలు కాగానే చివర కోసేశారు. మూడోరోజున తిరగకలిపి, ఉప్పు చూసి, నూనె సరిపోయిందో లేదో చూసుకోవాలన్న ముఖ్యమైన ముక్క ఆ చివర్లోనే వుంది. తర్వాత నెలరోజులు ఉత్తరాలొచ్చాయి, "అమ్మా, జాడీలో పెట్టాం, తర్వాతేం చెయ్యాలి?" అని. "తగ్గించడమంటే గొంతాండీ, నిడివాండీ?" అని ఒక్కమాట అడిగివుంటే సరిపోయేది. అడిగితే తెలివితక్కువదనుకుంటారేమోనని భయపడ్డాను. ఇప్పుడు ఏం చెప్పినా, "అయితే రెండు నిమిషాలు కోసెయ్యమంటారు, అంతేనా అండీ?" అని తిరిగి చెబుతాను. ఇన్నేళ్ళలో ఎవరూ నన్ను తెలివితక్కువదనలేదు.

కొలతలూ అంతే. మా అత్తగారి గ్లాసు వేరు, నా గ్లాసు వేరు. "నాలుగు గ్లాసుల పిండి" అని ఆవిడంటే నా గ్లాసుతో పోసి మురుకులు చెడగొట్టాను. నేనేదో మురుకులు చెడగొట్టాను గానీ, అమెరికావాళ్ళు అంగారకుడి దగ్గరకు పంపిన వ్యోమనౌకనే పోగొట్టుకున్నారు. 1999 సెప్టెంబరులో మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అక్కడికి చేరుతూనే నాశనమయింది. ఒక జట్టువాళ్ళు తోపుడు లెక్కలు పౌండ్లలో ఇస్తే, ఇంకో జట్టువాళ్ళు అవి మెట్రిక్ కొలతలనుకున్నారు. అంకె చెబితే చాలదు, ఏ గ్లాసుతోనో కూడా చెప్పాలి. "తొందరగా చెయ్యి" అనే బదులు "సాయంత్రం నాలుగింటికల్లా" అనడం కూడా ఇలాంటిదే.

ఇంతవరకూ చెప్పేవాళ్ళ సంగతి. మరి వినేవాళ్ళ మాటేమిటి? టెనెరిఫెలో బయల్దేరిన విమానంలోనే చిన్న ఉద్యోగి ఒకాయనకు అనుమానం వచ్చింది. "ఆ రెండో విమానం ఇంకా తప్పుకోలేదేమో?" అన్నాడు. పెద్ద కెప్టెను తప్పుకుందని గట్టిగా అనేసరికి ఇంక నోరెత్తలేదు. 1981 నుంచీ విమాన కంపెనీలు కెప్టెన్లకు ప్రత్యేకంగా ఒక శిక్షణ ఇస్తున్నాయి. చిన్నవాళ్ళు చెబితే వినడం, వాళ్ళు చెప్పేలా చూసుకోవడం అందులో భాగం.

ఇప్పుడు మన వంటింటికి వద్దాం. అక్కడ కెప్టెన్లం మనమే. పనికొచ్చే ఆవిడ "అమ్మగారూ, రేపు కొంచెం పనుందండీ" అందనుకోండి. మనం విసుక్కుంటే, ఆవిడ ఇంకేమీ చెప్పదు, రేపు రాదు. మనం "చెప్పాపెట్టకుండా మానేసింది" అంటాం. ఆవిడ చెప్పింది, నిండుకున్నాయని చెప్పింది. "రేపు రావా? ఒక్కరోజేనా? ఏం పని?" అని కాస్త నిదానంగా అడిగితే పిల్లాడికి జ్వరమనో, రేషను కార్డు పనిమీద తిరగాలనో నిజం బయటపడుతుంది. భయపడే మనిషి దగ్గర నిజం అడిగి తెలుసుకోవలసిందే, తనంతట తను చెప్పదు.

చివరగా, చెప్పడానికి నోరు రాని సంగతి ఒకటుంది. అది పనిచేసే చోట వెకిలి మాటలూ, వెకిలి చేష్టలూ. ఇక్కడ మన పిల్లలు "ఆయన ప్రవర్తన బాగోలేదు" అని ఊరుకుంటారు. మనమూ "సర్దుకుపోవే" అంటాం. 1997లో సుప్రీంకోర్టు విశాఖ కేసులో దీనికి మార్గదర్శక సూత్రాలిచ్చింది. విశాఖ అంటే మన పట్నం కాదు, రాజస్థాన్‌లో ఒక స్త్రీల సంస్థ పేరు. ఆ తర్వాత 2013లో చట్టమే వచ్చింది. పదిమందీ అంతకుపైనా పనిచేసే ప్రతిచోటా ఫిర్యాదులు వినడానికి ఒక కమిటీ వుండాలి. అంతకంటే చిన్న చోట్లా, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకూ, యజమాని మీదే ఫిర్యాదు అయినప్పుడూ జిల్లాలో స్థానిక కమిటీ వుంటుంది. ఫిర్యాదు రాతపూర్వకంగా, జరిగిన మూడు నెలల్లోగా ఇవ్వాలి. తగిన కారణం వుంటే కమిటీ ఇంకో మూడు నెలలు గడువివ్వవచ్చు. రాయలేనివాళ్ళకు రాయడంలో సాయం చెయ్యడం కమిటీ బాధ్యత.

అందుకని మీ పిల్లలకు చెప్పండి. జరిగిన రోజే ఒక పుస్తకంలో తేదీ, టైము, చోటు, అన్న మాట, అప్పుడక్కడ ఎవరున్నారో రాసిపెట్టుకోమనండి. "బాగోలేదు" అని కాదు, అన్నమాట అన్నట్టే రాయాలి. అది రాయడానికి సిగ్గుపడాల్సింది అన్నవాడు, రాసే పిల్ల కాదు. ముందు ఆ పిల్ల మీతో చెప్పగలగాలి. రాత్రి అన్నం దగ్గర "అమ్మా, మా ఆఫీసులో కొంచెం అదోలా వుంది" అంటే, "ఆఫీసన్నాక వుంటాయిలే, పెరుగు వేసుకో" అనకండి. చెయ్యి కడుక్కుని పక్కన కూర్చోండి. "అదోలా అంటే ఎలా?" అని అడగండి. వాళ్ళకు స్పష్టంగా చెప్పడం వచ్చేది, మనం తీరిగ్గా వినడం వల్లే.

ఆ నర్సమ్మాయి మొన్న కనబడింది. తన తర్వాత చేరిన కొత్త పిల్లలకు ఇప్పుడు తనే నేర్పుతోందట. "ఏం చెబుతావే?" అన్నాను. "ఫోను చేసేముందు అంకెలు కాయితం మీద పెట్టుకోండి, ఏం కావాలో ముందే అనుకోండి, డాక్టరుగారు విసుక్కున్నా కావలసింది చెప్పేదాకా ఫోను పెట్టెయ్యకండి, అని చెబుతాను పిన్నీ" అంది.

ఇంట్లో బియ్యాన్ని మాత్రం నిండుకోనివ్వండి. ఆ మాట మానమని నేననను. అది మన ఇంటి అందం. గడప దాటాక మాత్రం, అయిపోయినదాన్ని అయిపోయిందనే చెబుదాం.

మరి వెళ్ళొస్తాను. నమస్కారం.